ఐడబ్ల్యూకాన్ఫిగ్ వదిలి ఐడబ్ల్యూ, ఎన్ఎంసీఎల్ఐలకు మారుడు: పాత స్క్రిప్టులు ఎట్ల మార్చాలె?

ఎనుమాముల_కాంటా అడిగిన ప్రశ్న

అందరికీ నమస్తే. ఎనుమాముల మార్కెట్ పక్కన ఒక అడ్తి దుకాణంలో ఆరు పాత ల్యాప్‌టాప్‌లు ఉన్నయి. కాంటా దగ్గర రెండు, లెక్కల గదిలో మూడు, వెనక రేకుల గోదాములో ఒకటి. అన్నింట్లో డెబియన్ లినక్సే. 12 నుంచి 13కి ఎక్కించినంక కర్నెల్ సందేశాలు చూపే డీమెసేజ్‌లో ఈ ముక్క కనబడుతుంది:

`వార్నింగ్: 'ఐడబ్ల్యూకాన్ఫిగ్' యూజెస్ వైర్‌లెస్ ఎక్స్‌టెన్షన్స్ విచ్ విల్ స్టాప్ వర్కింగ్ ఫర్ వైఫై 7 హార్డ్‌వేర్, యూజ్ ఎన్ఎల్80211`

నెట్ అయితే నడుస్తుంది. కాని ఎప్పుడో రాసిపెట్టిన ఏర్పాటు మొత్తం వైఫైని సర్దే ఐడబ్ల్యూకాన్ఫిగ్ లాంటి పాత పనిముట్ల మీదనే ఉన్నది:

/ఈటీసీ/నెట్‌వర్క్/ఇంటర్‌ఫేసెస్‌లో డబ్ల్యూపీఏ-ఎస్ఎస్ఐడీ, డబ్ల్యూపీఏ-పీఎస్‌కే లైన్లు, వాటి కింద `వైర్‌లెస్-పవర్ ఆఫ్`.
మెషిన్ లేచేటప్పుడు నడిచే ఆర్‌సీ.లోకల్‌లో `ఐడబ్ల్యూకాన్ఫిగ్ డబ్ల్యూఎల్‌పీ2ఎస్0 టీఎక్స్‌పవర్ 20`.
రూట్ క్రాన్‌లో అయిదు నిమిషాలకోసారి ఒక స్క్రిప్ట్. ఐడబ్ల్యూకాన్ఫిగ్ చూపే లింక్ క్వాలిటీ 30 కన్నా తగ్గితే ఇఫ్‌డౌన్ (కనెక్షన్ దించుడు), వెంటనే ఇఫ్‌అప్ (ఎక్కించుడు).

అడిగేది మూడు. పాత కమాండ్‌కు బదులు కొత్త కమాండ్ పెట్టుకుంట పోతే సరిపోతదా? `ఐడబ్ల్యూ డెవ్ ... కనెక్ట్` అని కొడితే పాస్‌వర్డ్ ఉన్న రౌటర్‌కు తగులుత లేదు, ఎందుకు? గోదాములో మెషిన్‌కు చిన్న యూఎస్‌బీ డాంగిల్ ఉన్నది, దాన్ని ఐడబ్ల్యూకాన్ఫిగ్ చూపిస్తది, `ఐడబ్ల్యూ డెవ్` మాత్రం ఖాళీ. అది పోయినట్టేనా?

(ఫోన్‌లో తెలుగు కీబోర్డే ఉన్నది, కమాండ్లు పలికినట్టే రాసిన. జవాబులు కూడా అట్లనే రాస్తే ఇబ్బంది లేదు, టెర్మినల్‌లో మార్చుకొని కొట్టుకుంట.)

---

ఓరుగల్లు_రూట్

రెండో ప్రశ్న నుంచి మొదలుపెడుత, మొదటి దానికి జవాబు అందులోనే ఉన్నది.

ఐడబ్ల్యూ పాస్‌వర్డ్‌తో కనెక్ట్ చేసే పనిముట్టు కాదు. `ఐడబ్ల్యూ కనెక్ట్` పాస్‌వర్డ్ లేని నెట్‌వర్క్‌కు, లేకుంటే పాత తాళం పద్ధతి డబ్ల్యూఈపీకి మాత్రమే పనికొస్తది. డబ్ల్యూపీఏ2, డబ్ల్యూపీఏ3లో రౌటర్‌తో తాళంచెవి మార్పిడి జరగాలె. ఆ పని చేసేది వెనక నడిచే ఒక డీమన్: డబ్ల్యూపీఏ సప్లికెంట్ గాని, ఐడబ్ల్యూడీ గాని. ఐడబ్ల్యూకాన్ఫిగ్ కూడా డబ్ల్యూపీఏ ఎన్నడూ చేయలేదు, దాని `కీ` డబ్ల్యూఈపీదే. మీ దగ్గర ఇన్నేండ్ల సంది నెట్ కలుపుతున్నది డబ్ల్యూపీఏ సప్లికెంటే. అది ముందు ఎన్ఎల్80211నే (ప్రోగ్రాములు కర్నెల్‌తో వైఫై సంగతి మాట్లాడే కొత్త పద్ధతి) పట్టుకుంటది, అంటే కనెక్షన్ వరకు మీరు ఎప్పుడో కొత్త దారిలో ఉన్నరు. పాతది మిగిలింది పవర్, టీఎక్స్‌పవర్, క్రాన్ మాత్రమే.

కాబట్టి కమాండ్‌కు కమాండ్ మార్చే ముందు ఒకటి తేల్చుకోండి: ఈ ఇంటర్‌ఫేస్ ఎవరి చేతిలో ఉండాలె? ఇంటర్‌ఫేసెస్ ఫైల్ చదివి నడిపే ఇఫ్‌అప్‌డౌన్ చేతిలోనా, నెట్‌వర్క్‌మేనేజర్ చేతిలోనా, ఐడబ్ల్యూడీ చేతిలోనా? ఒక్కరి చేతిలోనే ఉండాలె. ఇద్దరు పట్టుకుంటే రెండు నిమిషాలకోసారి తెగుతది, లాగ్‌లో కారణం కూడా సరిగ దొరకదు. ఆరు ల్యాప్‌టాప్‌లే కాబట్టి నేనైతే నెట్‌వర్క్‌మేనేజర్ అంట, దాన్ని నడిపే కమాండే ఎన్ఎంసీఎల్ఐ. ఐడబ్ల్యూ అప్పుడు చూసుడుకు, కొలుసుడుకు మాత్రమే.

వరుస ఇది. మెషిన్ ముందర కూర్చొని చేయండి, వైఫై మీద ఎస్ఎస్‌హెచ్‌లో చేయకండి. నడుమ తెగితే గోదాముకు నడవాల్సి వస్తది.

నెట్ ఉన్నప్పుడే ప్యాకేజీలు దింపుకోండి:
`ఆప్ట్ ఇన్‌స్టాల్ నెట్‌వర్క్-మేనేజర్ ఐడబ్ల్యూ వైర్‌లెస్-రెగ్‌డీబీ ఆర్ఎఫ్‌కిల్`

ఇంటర్‌ఫేసెస్ ఫైల్‌కు ఒక నకలు తీసి, ఫైల్ ముట్టక ముందే కిందికి దించండి:
`ఇఫ్‌డౌన్ డబ్ల్యూఎల్‌పీ2ఎస్0`

చాలామంది తప్పేది ఇక్కడనే. ముందే ఫైల్‌లో లైన్లు తీసేస్తే ఇఫ్‌డౌన్‌కు ఆ పేరే తెల్వదు, 'అన్‌నోన్ ఇంటర్‌ఫేస్' అంటది. పాత సప్లికెంట్ ప్రాసెస్ వెనక నడుస్తనే ఉంటది, నెట్‌వర్క్‌మేనేజర్‌తో కొట్లాడుతది.

తర్వాత ఇంటర్‌ఫేసెస్‌లో వైఫైకి సంబంధించిన లైన్లన్నీ తీసేయండి. 'ఆటో', 'అలౌ-హాట్‌ప్లగ్' లైన్లు కూడా మర్చిపోవద్దు. లూప్‌బ్యాక్ 'ఎల్ఓ' మాత్రం ఉంచండి. డెబియన్‌లో ఆ ఫైల్‌లో పేరు ఉన్న ఇంటర్‌ఫేస్‌ను నెట్‌వర్క్‌మేనేజర్ ముట్టదు. `ఎన్ఎంసీఎల్ఐ డివైస్ స్టేటస్`లో 'అన్‌మేనేజ్డ్' కనబడితే నూటికి తొంభైసార్లు ఇదే కారణం.

`సిస్టమ్‌సీటీఎల్ రీస్టార్ట్ నెట్‌వర్క్‌మేనేజర్`
`ఎన్ఎంసీఎల్ఐ డివైస్ వైఫై లిస్ట్`
`ఎన్ఎంసీఎల్ఐ --ఆస్క్ డివైస్ వైఫై కనెక్ట్ "మీ రౌటర్ పేరు"`

--ఆస్క్ పెడితే పాస్‌వర్డ్ అప్పుడే అడుగుతది, షెల్ హిస్టరీలో పడదు. దుకాణం మెషిన్‌ను పదిమంది ముడుతరు కాబట్టి ఇది ముఖ్యం.

ఇక పవర్ సేవింగ్. `వైర్‌లెస్-పవర్ ఆఫ్` లైన్‌ను నడిపింది వైర్‌లెస్-టూల్స్ ప్యాకేజీతో వచ్చే చిన్న స్క్రిప్ట్. ప్యాకేజీ తీస్తే ఆ లైన్ చెప్పాపెట్టకుండ పనిచేసుడు ఆగిపోతది, ఎర్రర్ కూడా రాదు. బదులు ఇది:

`ఎన్ఎంసీఎల్ఐ కనెక్షన్ మాడిఫై "పేరు" 802-11-వైర్‌లెస్.పవర్‌సేవ్ 2`

ఇక్కడ 2 అంటే ఆపు, 3 అంటే పెట్టు. సున్నాకు, ఒకటికి వేరే అర్థాలు ఉన్నయి, ఆపుడు అనుకొని 0 రాస్తే ఏమీ మారదు. కనెక్షన్‌ను ఒకసారి దించి ఎక్కించి, నిజంగ ఆగిందా లేదా చూసుకోండి:
`ఐడబ్ల్యూ డెవ్ డబ్ల్యూఎల్‌పీ2ఎస్0 గెట్ పవర్_సేవ్`

కాంటా మెషిన్లకు స్థిరమైన అడ్రస్ కావాలంటే పద్ధతి, అడ్రస్ రెండూ ఒకే కమాండ్‌లో ఇవ్వాలె. ముందు 'మాన్యువల్' ఒక్కటే పెడితే అడ్రస్ ఖాళీగ ఉన్నదని ఒప్పుకోదు:

`ఎన్ఎంసీఎల్ఐ కనెక్షన్ మాడిఫై "పేరు" ఐపీవీ4.మెథడ్ మాన్యువల్ ఐపీవీ4.అడ్రసెస్ 192.168.1.40/24 ఐపీవీ4.గేట్‌వే 192.168.1.1 ఐపీవీ4.డీఎన్ఎస్ 192.168.1.1`

---

గోదావరిఖని_షెల్

పైన అన్న చెప్పిన దాంట్లో తేడా లేదు. ఆర్‌సీ.లోకల్, క్రాన్ సంగతి నేను చెప్త.

ముందు టీఎక్స్‌పవర్. ఇది పెద్ద గుంత. ఐడబ్ల్యూకాన్ఫిగ్‌లో 20 అంటే 20 డీబీఎం (సిగ్నల్ బలం కొలత). ఐడబ్ల్యూ లెక్క డీబీఎంలో కాదు, దాంట్ల నూరో వంతు అయిన ఎంబీఎంలో ఉంటది. 20 డీబీఎం కావాలంటే:

`ఐడబ్ల్యూ డెవ్ డబ్ల్యూఎల్‌పీ2ఎస్0 సెట్ టీఎక్స్‌పవర్ ఫిక్స్‌డ్ 2000`

అలవాటు కొద్ది 20 అనే కొడితే 0.2 డీబీఎం అడిగినట్టు. 100 మిల్లీవాట్లు ఉండాల్సిన చోట ఒక మిల్లీవాట్. ల్యాప్‌టాప్‌కు రౌటర్ మాట మంచిగనే వినిపిస్తది, సిగ్నల్ గీతలు నిండుగ కనబడుతయి, కాని దీని మాట రౌటర్‌కు చేరదు. యాంటెన్నా పోయిందనుకొని మూత విప్పేదాక పోతది వ్యవహారం. నన్నడిగితే ఆ లైనే తీసేయండి. డ్రైవర్ ఎట్లాగూ దేశానికి, ఛానల్‌కు ఉన్న పరిమితి దాటనీయదు. వదిలేస్తే అదే సరైన పవర్ తీసుకుంటది.

ఇక క్వాలిటీ 30. ఆ సంఖ్య ఎక్కడిదో తెలిస్తే స్క్రిప్ట్ మీద మోజు పోతది. ఇప్పటి డ్రైవర్ల మీద ఐడబ్ల్యూకాన్ఫిగ్ చూపే 'ఇంత బై 70' అసలు కొలతే కాదు. డీబీఎంలో ఉన్న సిగ్నల్‌కు 110 కలిపితే వచ్చేది. సిగ్నల్ -61 ఉంటే 49/70. -40, అంతకన్నా గట్టిగ ఉంటే 70 దగ్గర ఆగుతది. అంటే మీ 30 అంటే -80 డీబీఎం. కొత్త దాంట్లో నేరుగ చూడొచ్చు:

`ఐడబ్ల్యూ డెవ్ డబ్ల్యూఎల్‌పీ2ఎస్0 లింక్`

'సిగ్నల్: -61 డీబీఎం' అని వస్తది, కింద టీఎక్స్ బిట్‌రేట్. కనెక్ట్ కాకుంటే 'నాట్ కనెక్టెడ్.' అని ఒక్క ముక్క. పాత స్క్రిప్ట్‌లో సంఖ్య దొరకకపోతే ఏం చేయాలో రాసి ఉండదు, ఖాళీని 30తో పోల్చి షెల్ ఎర్రర్ ఇస్తది. ఇంకోటి, ఇప్పుడు సంఖ్యలు మైనస్‌లో ఉన్నయి, 'కన్నా తక్కువ' గుర్తు పెట్టేటప్పుడు జర చూసుకోండి.

ఎన్ఎంసీఎల్ఐ లిస్ట్‌లో వచ్చే సిగ్నల్ శాతం మళ్ల వేరే లెక్క. 30 బై 70ని శాతంలోకి మార్చి అక్కడ పెట్టకండి, కలవదు.

ఐడబ్ల్యూ ఔట్‌పుట్‌ను గ్రెప్ చేసి స్క్రిప్ట్‌లు రాయొద్దని దాని హెల్ప్‌లోనే రాసి ఉన్నది, ఔట్‌పుట్ రూపం ఎప్పుడైనా మారొచ్చని. చేతితో చూసుడుకు మంచిది, స్క్రిప్ట్‌కు ఎన్ఎంసీఎల్ఐ మేలు:

`ఎన్ఎంసీఎల్ఐ -జీ జనరల్.స్టేట్ డివైస్ షో డబ్ల్యూఎల్‌పీ2ఎస్0`

'100', పక్కన బ్రాకెట్‌లో 'కనెక్టెడ్' అని వస్తే కలిసి ఉన్నట్టు. క్రాన్‌లో ఐడబ్ల్యూ వాడాల్సి వస్తే పూర్తి దారి /యూఎస్ఆర్/ఎస్‌బిన్/ఐడబ్ల్యూ అని రాయండి, క్రాన్ పాత్‌లో ఎస్‌బిన్ ఉండదు. మామూలు యూజర్‌గ కొడితే 'కమాండ్ నాట్ ఫౌండ్' వచ్చేది కూడా ఇందుకే, ఇన్‌స్టాల్ కాలేదని కాదు.

అయినా అసలు ఆ స్క్రిప్ట్ ఎందుకు? సిగ్నల్ -80కి పడితే ఇఫ్‌డౌన్, ఇఫ్‌అప్ చేసినంత మాత్రాన -60 అయితదా? నడుమ ఉన్న రేకుల గోడ అక్కడ్నే ఉంటది, మిర్చి బస్తాల గుట్ట అక్కడ్నే ఉంటది. నడుస్తున్న కనెక్షన్‌ను తెంపి కాంటా చీటీ మధ్యలో ఆపుడు తప్ప లాభం లేదు. తెగితే తిరిగి కలుపుడు నెట్‌వర్క్‌మేనేజర్ పని. మామూలుగ నాలుగుసార్లు చూసి కొంతసేపు ఊకుంటది. ఎప్పటికీ ప్రయత్నించాలంటే:

`ఎన్ఎంసీఎల్ఐ కనెక్షన్ మాడిఫై "పేరు" కనెక్షన్.ఆటోకనెక్ట్-రీట్రైస్ 0`

గోదాము మెషిన్‌కు 5 గిగాహెర్ట్జ్ గోడ దాటి రాదు. 802-11-వైర్‌లెస్.బ్యాండ్‌ను 'బీజీ' చేసి 2.4 మీదనే కట్టేయండి. సిగ్నల్ ఒక్కటే చూడకుండ `ఐడబ్ల్యూ డెవ్ ... స్టేషన్ డంప్`లో టీఎక్స్ రీట్రైస్, టీఎక్స్ ఫెయిల్డ్ చూడండి. పది నిమిషాల తేడాతో రెండుసార్లు కొట్టి పోల్చండి. సిగ్నల్ మంచిగుండి ఫెయిల్డ్ జోరుగ పెరుగుతుంటే దూరం సమస్య కాదు, పక్క దుకాణాల రౌటర్లు అదే ఛానల్‌లో ఉన్నయని అనుమానించాలె.

---

కాజీపేట_జంక్షన్

డాంగిల్ సంగతి. ఐడబ్ల్యూకాన్ఫిగ్‌కు కనబడి ఐడబ్ల్యూకు కనబడకపోతే దాని డ్రైవర్ పాత వైర్‌లెస్ ఎక్స్‌టెన్షన్స్ మాత్రమే మాట్లాడుతున్నట్టు. కొత్తదానికి కావాల్సిన కర్నెల్ మాడ్యూల్ సీఎఫ్‌జీ80211కు అది ముడిపడి లేదు. ఖాయం చేసుకునేందుకు:

`ఎల్ఎస్ /సిస్/క్లాస్/నెట్/పేరు/ఫై80211`
`ఈథ్‌టూల్ -ఐ పేరు`

మొదటిది లేదంటే అనుమానం నిజమే. రెండోది డ్రైవర్ పేరు చెప్తది. యూఎస్‌బీ డాంగిల్ పేరు 'డబ్ల్యూఎల్ఎక్స్' తర్వాత మ్యాక్ అడ్రస్‌తో పొడుగ్గ ఉంటది, కంగారు పడకండి. ఎవరో బయటి నుంచి సోర్స్ తెచ్చి కంపైల్ చేసి పెట్టిన రియల్‌టెక్ డ్రైవర్ అయి ఉండే అవకాశమే ఎక్కువ. ఆర్‌టీఎల్8188ఈయూ లాంటి చిప్ అయితే ఇప్పటి కర్నెల్‌లోనే ఉన్న ఆర్‌టీఎల్8ఎక్స్ఎక్స్ఎక్స్‌యూ దాన్ని నడుపుతది. పాత మాడ్యూల్ తీసేసి (డీకేఎంఎస్‌లో ఉంటే అక్కడ కూడా తీసి, లేకుంటే కర్నెల్ మారినప్పుడల్లా మళ్ల పుట్టుకొస్తది), ఫర్మ్‌వేర్-రియల్‌టెక్ ప్యాకేజీ పెట్టి, డాంగిల్ పీకి మళ్ల గుచ్చండి. డెబియన్‌లో అది నాన్-ఫ్రీ-ఫర్మ్‌వేర్ విభాగంలో ఉంటది.

'ఎన్ఎల్80211 నాట్ ఫౌండ్' అని ఐడబ్ల్యూ అంటే అది వేరే జబ్బు. సీఎఫ్‌జీ80211 మాడ్యూలే ఎక్కలేదని అర్థం.

ఇంకో రెండు మూడు ఎర్రర్లు కొత్త పనిముట్టుతో తరచు ఎదురైతయి. 'నెట్‌వర్క్ ఈజ్ డౌన్ (-100)' అంటే ఇంటర్‌ఫేస్ లేపలేదు, `ఐపీ లింక్ సెట్ ... అప్` కొట్టాలె. 'డివైస్ ఆర్ రిసోర్స్ బిజీ (-16)' అంటే వెనక నెట్‌వర్క్‌మేనేజర్ అప్పుడే స్కాన్ చేస్తున్నది, కొంచెం ఆగి కొట్టండి. 'ఆపరేషన్ నాట్ పర్మిటెడ్ (-1)' అంటే రూట్ కావాలె. అయితే `స్కాన్ డంప్` అంటే రూట్ లేకుండనే, కొత్తగ స్కాన్ చేయకుండ, అంతకుముందు స్కాన్‌లో దాచిన ఫలితాలు చూపిస్తది. పాత ల్యాప్‌టాప్‌లలో పక్కన చిన్న వైఫై మీట ఉంటది చూడండి. `ఆర్ఎఫ్‌కిల్ లిస్ట్`లో 'హార్డ్ బ్లాక్‌డ్: యెస్' అంటే అదే, కమాండ్‌తో పోదు, వేలితో జరపాలె.

ఎవరూ చెప్పనిది ఒకటి: దేశం. `ఐడబ్ల్యూ రెగ్ గెట్` కొట్టండి. 'కంట్రీ 00' అని ఉంటే అన్ని దేశాలకూ పనికొచ్చే భయస్తుల నియమాలు నడుస్తున్నట్టు. 12, 13 ఛానళ్లలో, 5 గిగాహెర్ట్జ్‌లో తనంతట తాను పిలవదు, రౌటర్ పిలుపు వినబడితేనే పలుకుతది. పేరు దాచిపెట్టిన రౌటర్ ఆ ఛానళ్లలో ఉంటే దొరుకుడు ఇంకా కష్టం. అప్పటికప్పుడు:

`ఐడబ్ల్యూ రెగ్ సెట్ ఐఎన్`

ఇక్కడ ఐఎన్ రెండూ పెద్దక్షరాలు. రీబూట్ అయినా నిలవాలంటే /ఈటీసీ/మాడ్‌ప్రోబ్.డీ/ కింద ఒక .కాన్ఫ్ ఫైల్‌లో `ఆప్షన్స్ సీఎఫ్‌జీ80211 ఐఈఈఈ80211_రెగ్‌డొమ్=ఐఎన్` అని రాయండి. ఇంటెల్ కార్డుల్లో చాలావాటికి 'సెల్ఫ్-మేనేజ్డ్' అని చూపిస్తది, అవి దేశాన్ని తామే తేల్చుకుంటయి, మీరు సెట్ చేసినా వినవు. నెట్‌లో దేశం నియమాలు ఎక్కించే పాత ప్రోగ్రామ్ సీఆర్‌డీఏ ఇన్‌స్టాల్ చేయమని పాత సలహాలు దొరుకుతయి, పట్టించుకోకండి. 4.15 కర్నెల్ నుంచి ఆ నియమాలు ఉండే రెగ్యులేటరీ.డీబీ ఫైల్‌ను కర్నెలే నేరుగ చదువుకుంటది.

---

ములుగు_రోడ్

ఇంత పెద్ద నెట్‌వర్క్‌మేనేజర్ ఎందుకన్నా? ఐడబ్ల్యూడీ ఒక్కటి చాలు. ఇంటెల్ వాళ్లు రాసింది, ఎన్ఎల్80211 తప్ప పాతది దానికి తెల్వనే తెల్వదు. /ఈటీసీ/ఐడబ్ల్యూడీ/మెయిన్.కాన్ఫ్‌లో [జనరల్] కింద `ఎనేబుల్‌నెట్‌వర్క్‌కాన్ఫిగరేషన్=ట్రూ` పెడితే అడ్రస్ కూడా అదే తెచ్చుకుంటది. `ఐడబ్ల్యూసీటీఎల్ స్టేషన్ ... కనెక్ట్ పేరు`, అంతే. నా వరకైతే సప్లికెంట్ కన్నా తొందరగ కలుస్తది.

---

ఓరుగల్లు_రూట్

తమ్మీ, ఒక్క మెషిన్ అయితే నేనూ కాదన. ఆరు మెషిన్ల దుకాణంలో రెండు చిక్కులు చెప్త. ఒకటి, ఐడబ్ల్యూడీతో పాటు 80-ఐడబ్ల్యూడీ.లింక్ అనే ఫైల్ వచ్చిందంటే ఇంటర్‌ఫేస్ పేరు డబ్ల్యూఎల్‌పీ2ఎస్0 కాస్తా డబ్ల్యూలాన్0 అయితది, పేరు రాసిపెట్టిన స్క్రిప్టులన్నీ పడిపోతయి. రెండు, రౌటర్ పేరులో అక్షరాలు, అంకెలు, ఖాళీ, గీతలు కాకుండ చుక్కనో '&' గుర్తో, తెలుగు అక్షరమో ఉంటే /వార్/లిబ్/ఐడబ్ల్యూడీ/ కింద ఆ ఫైల్ పేరు '=' తర్వాత హెక్స్‌లో పుడతది. దుకాణాల రౌటర్లకు 'ఫలానా & సన్స్' అని పెట్టుడు మామూలే కదా. చేతితో ఫైల్ రాసి ఆరింటికీ కాపీ చేస్తమంటే ఎందుకు కలవదో అర్థం కాదు. వాడితే మాత్రం డబ్ల్యూపీఏ సప్లికెంట్ సర్వీస్‌ను ఆపి మాస్క్ చేయాల్సిందే, ఒక కార్డు మీద ఇద్దరు కూర్చోలేరు.

---

ఎనుమాముల_కాంటా

అందరికీ మస్తు థాంక్స్. అయిదు మెషిన్లు మారినయి. ఇఫ్‌డౌన్ ముందుగ కొట్టమన్నది లేకుంటే పక్కా ఇరుక్కుందును. డాంగిల్ కూడా ఆర్‌టీఎల్8188ఈయూనే, డీకేఎంఎస్‌లోంచి తీసేసినంక `ఐడబ్ల్యూ డెవ్`లో కనబడ్డది. క్రాన్ స్క్రిప్ట్ తీసిపడేసిన.

రెండు సమస్యలు మిగిలినయి. లెక్కల గదిలో ఒక మెషిన్ లాగిన్ అయితేనే వైఫై కలుపుతుంది, పొద్దున ఆన్ చేసి వదిలేస్తే ప్రింటర్‌కు దొరకదు. దానికి టెర్మినల్‌లో కాకుండ డెస్క్‌టాప్ బొమ్మ మీద నొక్కి కనెక్ట్ చేసినం. ఇంకోటి, వైర్‌లెస్-టూల్స్ పూర్తిగ తీసినా డీమెసేజ్‌లో అదే వార్నింగ్ మళ్ల వస్తుంది, ఈసారి పేరు 'థ్రెడ్‌పూల్‌ఫోర్‌గ్' అని ఉన్నది. ఇదేం ప్రోగ్రామో దొరుకుత లేదు.

---

గోదావరిఖని_షెల్

రెండోది ప్రోగ్రామ్ కాదు, క్రోమ్ జాతి బ్రౌజర్ల లోపలి థ్రెడ్ పేరు, 15 అక్షరాల దగ్గర తెగి కనబడుతుంది. వైఫై ఉన్నదా అని అది పాత పద్ధతిలో అడుగుతది, అంతే. మీరు చేయాల్సింది ఏం లేదు.

మొదటి దాంట్లో పాస్‌వర్డ్ యూజర్ కీరింగ్‌లో (ఆ యూజర్ పాస్‌వర్డ్‌లు దాచే పెట్టె) పడ్డది, లాగిన్ కాకముందు దాన్ని తెరిచేవాళ్లు లేరు. సిస్టమ్ ఫైల్‌లోకి మార్చండి:

`ఎన్ఎంసీఎల్ఐ కనెక్షన్ మాడిఫై "పేరు" వైఫై-సెక్.పీఎస్‌కే-ఫ్లాగ్స్ 0 కనెక్షన్.పర్మిషన్స్ ""`

తర్వాత `ఎన్ఎంసీఎల్ఐ --ఆస్క్ కనెక్షన్ అప్ "పేరు"` అని ఒకసారి పాస్‌వర్డ్ ఇచ్చి, /ఈటీసీ/నెట్‌వర్క్‌మేనేజర్/సిస్టమ్-కనెక్షన్స్/ కింద ఆ ఫైల్‌లో 'పీఎస్‌కే=' లైన్ పడ్డదా చూడండి. పడకుంటే `ఎన్ఎంసీఎల్ఐ కనెక్షన్ ఎడిట్ "పేరు"`లోకి పోయి `సెట్ వైఫై-సెక్.పీఎస్‌కే` అని పెట్టి సేవ్ చేయండి. ఆ ఫైల్‌ను చేతితో మార్చాల్సి వస్తే ఓనర్ రూట్, అనుమతి 600 ఉండాలె. 644 అయిందంటే నెట్‌వర్క్‌మేనేజర్ దాన్ని చదవనే చదవదు.